తోలు లేసు కోయడానికి, అంచు చెక్కడానికి ఇంట్లో చేసుకున్న పనిముట్లు

లేసు, అంటే సన్నటి తోలు పట్టీ, కోసే కట్టర్లు ఖరీదుగా ఉన్నాయి, తోలు జడ అల్లడానికి ఇంట్లోనే ఏమైనా చేసుకోవచ్చా అని అడిగారు. చేసుకోవచ్చు. లేసు కోసేది, దాని అంచు చెక్కేది, నేను వాడే రెండూ ఇంట్లో చేసుకున్నవే. వేపచెక్క ముక్క, మేకులు, నాలుగు వాషర్లు, కట్టర్ బ్లేడ్లు ఉంటే చాలు.

మాది అనంతపురం దగ్గర పల్లె. ఎద్దులు పోయాక చర్నాకోల అల్లేవాళ్లూ పోయారు. మా నాయన చర్నాకోల తోలు తెగిపోతే నేనే అల్లుదామని కూర్చున్నా. స్టీలు స్కేలు పెట్టి బ్లేడుతో లేసులు కోశా. ఒకచోట 3 మిల్లీమీటర్లు, ఇంకోచోట 6 వచ్చింది. అల్లితే పాము కోడిగుడ్డు మింగినట్టు తయారైంది.

అనంతపురం పాతూరులో చెప్పులు కుట్టే ఒక పెద్దాయనకు చూపించా. "నువ్వు బ్లేడును ఆడిస్తాండావు నాయనా. బ్లేడు కదలగూడదు, తోలు కదలాల" అన్నాడు. కత్తి మొనను చెక్కదిమ్మలో దిగ్గొట్టి, పక్కన బొటనవేలు ఆనించి, తోలు ముక్కను లాగాడు. గోరే ఆయన స్కేలు. లేసు నూడుల్స్‌లా వచ్చేసింది. మన గోళ్లకు అంత నమ్మకం లేదు కాబట్టి గోరు ఉండాల్సిన చోట మేకు పెట్టుకున్నా.

చెక్కలో బ్లేడును నిలువుగా దిగ్గొట్టి, దానికి 5 మిల్లీమీటర్ల దూరంలో మేకు కొట్టండి. ఆ సందే మీ లేసు వెడల్పు. తోలు పైకి లేవకుండా వాషర్ల మీద చిన్న చెక్క పేడు బిగించాలి. తోలును గుండ్రంగా కత్తిరించి, కత్తెరతో రెండంగుళాల తోక తీసి, ఆ తోకను సందులోంచి లాగుతూ పోవడమే. ముక్క దానంతటదే తిరుగుతుంది. 16 సెంటీమీటర్ల అడ్డకొలత ఉన్న ముక్కకు లెక్క ప్రకారం 4 మీటర్లు రావాలి. నడుమ నిమ్మకాయంత ముక్క వదిలేయాలి, అక్కడ వంపు ఎక్కువై లేసు మెలి తిరుగుతుంది. అది పోను మూడున్నర మీటర్లు దాటుతుంది. తోలును ముందు తడిగుడ్డతో తుడవండి, నానబెట్టొద్దు.

అంచు చెక్కేది ఇంకా చిన్నది. చెక్కలో లేసు పట్టేంత గాడి తీసి, ఒక పక్క అంచు మీదికి బ్లేడును ఏటవాలుగా బిగించాలి. లోపలివైపు, అంటే గరుకు వైపు, పైకి ఉంచి లాగితే ఆ మూల వెంట్రుకంత పోగుగా లేచి వస్తుంది. తర్వాత రెండో కొసనుంచి లాగితే రెండో అంచూ అవుతుంది. ఇదెందుకంటారా? నిటారు అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కితే జడలో మెట్లు కనిపిస్తాయి, సందులు పడతాయి. చెక్కిన అంచులు ఒకదాని కింద ఒకటి సర్దుకుంటాయి.

ఇక్కడే నేను ఒక మేకతోలు మొత్తం పాడుచేసుకున్నా. అంచులు చెక్కాక లాగి సాగదీశా. పొట్టభాగం తోలు ఎక్కువ సాగుతుంది, వీపుభాగం తక్కువ. చెక్కిన కొలతలన్నీ పోయాయి. ముందు కోయాలి, తర్వాత సాగదీయాలి, సన్నబడ్డదాన్ని సందు తగ్గించి మళ్లీ ఒకసారి కోయాలి, చివర్లోనే అంచు చెక్కాలి. వీలైతే వీపుభాగమే వాడండి.

షేవింగ్ బ్లేడు వద్దు, ఒంగిపోతుంది. కట్టర్ బ్లేడైనా రెండు మూడు మీటర్లకోసారి పాత బెల్టు మీద నూరుకోవాలి. పదును తగ్గితే తోలు తెగదు, సాగుతుంది. మీరు గట్టిగా లాగుతారు, వేలు పోతుంది. నా ఎడమ చూపుడువేలికి గుర్తుంది.

తోలు విషయం: నిమ్మలకుంట తోలుబొమ్మలకు వాడే మేకతోలు దగ్గర్లోనే కదా అని అడిగేవాళ్లున్నారు. అది వెలుగు అవతలికి కనిపించేలా శుద్ధి చేసిన పచ్చితోలు. బొమ్మకు బంగారం, మన జడకు అప్పడం. తంగేడు చెక్కతో పదును చేసిన తోలు దొరికితే వదలొద్దు. అల్లేముందు లేసుకు కాస్త సబ్బు రాస్తే జారుతుంది, అల్లాక ఆముదం పట్టించండి. నాలుగు పాయల జడకైతే, కావలసిన పొడవుకు ఒకటిన్నర రెట్లు లేసు కోసుకోండి.