థ్రెడ్లు పెంచినా వేగం పెరగదేం?

ప్రశ్న: జీడిపప్పు కార్ఖానాలో బెల్టు మీద కదిలే పలుకులను కెమెరా ఫోటో తీస్తే, గుండు ఏది, బద్ద ఏది, డబ్ల్యూ 240 ఏది, డబ్ల్యూ 320 ఏది (ఇవి పలుకు పరిమాణాన్ని బట్టి ఇచ్చే గ్రేడ్లు) అని తేల్చే ప్రోగ్రామును సీ ప్లస్ ప్లస్‌లో రాశాను. 8 కోర్ల లినక్స్ యంత్రం మీద 4 థ్రెడ్లతో (ప్రోగ్రాములో పక్కపక్కనే సాగే పని ధారలతో) నడుస్తున్నదాన్ని 8కి పెంచితే వేగం పెరగకపోగా కాస్త తగ్గింది. ఏ ఫంక్షను ఎంత సమయం తింటోందో ప్రొఫైలరుతో చూస్తే అంతా సవ్యంగానే ఉంది. థ్రెడ్ల షెడ్యూలింగును, అంటే ఏ థ్రెడ్డు ఎప్పుడు ఏ కోరు మీద నడవాలో లినక్స్ నిర్ణయించే తీరును, రికార్డు చేసి రీప్లే చేయవచ్చని విన్నాను. నాకది పనికొస్తుందా? — ఒక పాఠకుడు, పలాస, శ్రీకాకుళం జిల్లా

జవాబు: రికార్డు తప్పకుండా పనికొస్తుంది, రీప్లే మాత్రం మీరు ఆశించినంతగా పనికిరాదు.

సాధారణ ప్రొఫైలరు సీపీయూ మీద నడుస్తున్న కోడునే నమూనాగా తీసుకుంటుంది కనుక, నిద్రపోతున్న థ్రెడ్డు దాని లెక్కకు రాదు. మీ సమయం పనిలో కాక ఎదురుచూపులో పోతూ ఉంటే, ఆ నివేదిక సవ్యంగానే కనబడుతుంది. అందుకు వాడవలసింది 2009 నుంచి లినక్స్ కెర్నెల్‌తో పాటే వస్తున్న ‘పెర్ఫ్ షెడ్’ అనే సాధనం. ఏ క్షణాన ఏ కోరు మీద నుంచి ఏ థ్రెడ్డు దిగింది, ఏది ఎక్కింది, ఏది దేనిని నిద్రలేపింది అన్నది ఇది వరుసగా నమోదు చేస్తుంది. రూట్ అనుమతితో, బెల్టు పూర్తి వేగంతో నడుస్తున్నప్పుడు 5 సెకన్లు రికార్డు చేస్తే చాలును. గంటల తరబడి వదిలేస్తే ఫైలు ఊరికే ఉబ్బిపోతుంది.

ఆ తరువాత ‘పెర్ఫ్ షెడ్ టైమ్‌హిస్ట్’ అని అడగండి. ప్రతి థ్రెడ్డుకూ ఎదురెదురుగా మూడు అంకెలు మిల్లీసెకన్లలో వస్తాయి: కోరు దిగినప్పటి నుంచి మళ్లీ ఎక్కేవరకు గడిచిన సమయం, నిద్రలేచాక కోరు దొరికేవరకు పట్టిన ఆలస్యం, నిజంగా నడిచిన సమయం. అసలు రహస్యమంతా ఈ మూడింటిని విడివిడిగా చదవడంలోనే ఉంది. రెండో అంకె పెద్దదైతే కోర్ల కంటే థ్రెడ్లు ఎక్కువయ్యాయని, లేదా మరేదో ప్రోగ్రాము కోర్లను ఆక్రమిస్తోందని అర్థం. రెండోది చిన్నదిగా ఉండి మొదటిది ఉబ్బితే, కోర్లకు కొరత లేదు, థ్రెడ్లే లాకు (ఉమ్మడి డేటాను ఒకసారికి ఒక్క థ్రెడ్డే తాకేలా చేసే తాళం) కోసమో డిస్కు కోసమో కెమెరా కోసమో కాచుకుని కూర్చున్నాయి. ఫలితాలన్నిటినీ ఒకే లాకు కింద ఒకే క్యూలో వేస్తున్నారేమోనని నా అనుమానం. అదే నిజమైతే, లాకు వదిలిన థ్రెడ్డే తరువాతి దాన్ని నిద్రలేపుతున్న క్రమం రికార్డులో పదే పదే కనబడుతుంది. ‘జీ’ ఐచ్ఛికంతో రికార్డు చేసి ఉంటే కోడులో ఏ పిలుపు దగ్గర ఆగిందో కూడా తెలుస్తుంది. ఒక్కో థ్రెడ్డు తన ఫలితాలను తన దగ్గరే పోగుచేసుకుని కొన్ని ఫోటోలకొకసారి అప్పగించేలా మార్చి, మళ్లీ రికార్డు చేసి పోల్చండి.

నిరీక్షణ పెరగకుండా, ఒక్కో ఫోటోకు నడిచిన సమయమే పెరిగిందంటే కథ వేరు. మీ 8 కోర్లు నిజంగా 8 కోర్లేనా అన్నది ముందు ‘ఎల్‌ఎస్‌సీపీయూ’ ఆదేశంతో చూసుకోండి. 4 కోర్లనే హైపర్‌థ్రెడింగ్ 8గా చూపించడం మామూలే. అప్పుడు ఒకే కోరును రెండు థ్రెడ్లు పంచుకుని రెండూ నెమ్మదిస్తాయి. అది కాకుంటే, వేర్వేరు థ్రెడ్ల లెక్కలు ఒకే 64 బైట్ల క్యాష్ లైనులో (ప్రాసెసరు తన వేగవంతమైన మెమరీలోకి ఒకేసారి తెచ్చుకునే ముక్కలో) పడి ఒకదాన్నొకటి తరుముకుంటూ ఉండవచ్చు. దీన్ని షెడ్యూలింగు రికార్డు చూపలేదు, ‘పెర్ఫ్ సీ2సీ’ చూపుతుంది.

ఇక రీప్లే సంగతి. ‘పెర్ఫ్ షెడ్ రీప్లే’ మీ కోడును నడపదు. రికార్డులో ఉన్నంతసేపు సీపీయూను ఊరికే తిప్పి, ఉన్నంతసేపు నిద్రపోయే నకిలీ థ్రెడ్లను సృష్టించి, అదే నడకను మామూలుగా 10 సార్లు నడిపిస్తుంది. మీ లాకులు గానీ, క్యాష్ వాడకం గానీ అందులో ఉండవు. కెర్నెల్ మార్చినప్పుడు, ఉదాహరణకు 2023లో వచ్చిన 6.6తో షెడ్యూలరు పాత సీఎఫ్‌ఎస్ పద్ధతి నుంచి ఈఈవీడీఎఫ్‌కు మారినట్టు, ఆ తేడాను ఒకే నడకపై కొలవడానికి అది తగిన సాధనం. మీ ప్రోగ్రాము ఎందుకు నెమ్మదించిందో అది చెప్పదు.

ప్రశ్న: తప్పులు వెతికే సాధనమైన ‘ఆర్‌ఆర్’ అయితే, రికార్డు చేసిన ప్రోగ్రామునే ఉన్నదున్నట్టు మళ్లీ నడుపుతుంది కదా, పనితీరును దానితో కొలవకూడదా? — ఒక ఇంజినీరింగు విద్యార్థిని, విజయనగరం

జవాబు: కొలవకూడదు. మొజిల్లాలో పుట్టిన ఆర్‌ఆర్ థ్రెడ్లన్నిటినీ ఒకే కోరు మీద ఒకదాని తరువాత ఒకటిగా నడుపుతూ రికార్డు చేస్తుంది. నిజమైన సమాంతరతే లేనప్పుడు, లాకు దగ్గర పోటీ ఎంత అన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు. అప్పుడప్పుడు మాత్రమే తలెత్తి, వెతకబోతే మాయమయ్యే తప్పులను పట్టడానికి మాత్రం అంతకు మించిన సాధనం నాకు తోచదు. షెడ్యూలింగును కావాలని చిందరవందర చేసే ‘కేయాస్’ పద్ధతి కూడా అందులో ఉంది. అది ప్రాసెసరులోని హార్డ్‌వేర్ కౌంటర్ల మీద ఆధారపడుతుంది కనుక, వాటిని అందించని వర్చువల్ యంత్రాల్లో పనిచేయదు. కళాశాల ల్యాబులో ప్రయత్నించే ముందు ఆ సంగతి తేల్చుకోండి.