పడమటి అద్దాల గోడతోనే నీ చిక్కంతా

తమ్ముడూ, భోగాపురం దగ్గర అనుకుని గీసిన విమానాశ్రయ టెర్మినల్ ప్రాజెక్టులో పడమటి గోడంతా అద్దమే, సాయంత్రం ఏసీ లోడు (ఏసీ బయటికి తోడాల్సిన వేడి) దిగట్లేదు, ఖరీదైన అద్దం వెయ్యాలా అని కదా అడిగావు. అద్దం సంగతి తర్వాత.

మే నెలలో సాయంత్రం ఐదింటికి మన విజయనగరంలో సూర్యుడు సుమారు 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. నువ్విచ్చిన మూడు మీటర్ల చూరు నీడ గోడ మీద మీటరు కిందికి దిగితే గొప్ప. మన చుట్టిళ్ల తాటాకు చూరు చూశావా, నడుం వంచి దూరాలి. ఊరికే అంత కిందికి దించలేదు!

అందుకని పడమటి వైపు బ్యాగేజీ గదులు, బాత్రూములు, మెట్లు పెట్టి గోడ మూసెయ్. అద్దాలు ఉత్తరానికి తిప్పు. కొంత అద్దం తప్పదంటే బయట నిలువు పలకలు పెట్టు. ఉప్పుగాలి కదా, మామూలు ఇనుము వద్దు, అల్యూమినియం మేలు.

ఇంకోటి, హాలు ఎత్తంతా చల్లబరచకు. మనుషులుండే రెండున్నర మీటర్లు చాలు. బ్యాంకాక్ సువర్ణభూమిలో నేలకింద గొట్టాల్లో చల్లనీళ్లు తిప్పుతారు. కాకపోతే మనది ఉక్కపోత ఊరు, గాలిలో తేమ ముందు తియ్యకపోతే నేల చెమర్చి జనం జారిపడతారు.

డిజైను ఇలా మార్చి, కంప్యూటర్‌లో లోడు లెక్క మళ్లీ రన్ చేసి, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా లోడెంతో ఇక్కడ పెట్టు.