పసిఫిక్ దీవి మిడ్వేలో చతికిలబడ్డ అమెరికా యుద్ధవిమానం బ్రూస్టర్ బఫెలో ఫిన్లాండ్‌లో ఎలా రాణించింది?

పేరు ఒకటే గానీ విమానం అచ్చం అదే కాదు. ఫిన్లాండ్ కొన్న 44 బ్రూస్టర్లు తొలి రకానివి, నౌకాదళ సరంజామా లేనివి. అందుకే తేలిక. 1942 జూన్‌లో మిడ్వే దగ్గర జపాన్ ‘జీరో’ యుద్ధవిమానాలకు చిక్కింది బరువెక్కిన తర్వాతి రకం.

ఇంజన్ నూనె కక్కేది. ఫిన్నిష్ మెకానిక్కులు పిస్టన్ రింగుల్లో ఒకదాన్ని తిరగేసి బిగించారట, అంతే, దారికొచ్చింది! నాకు బాగా నచ్చే ముచ్చట ఇదే.

పైలట్లూ సామాన్యులు కారు. ఫిన్నిష్ వైమానిక దళం 24వ స్క్వాడ్రన్‌కు చెందిన హాన్స్ విండ్ తాను కూల్చిన 75 శత్రు విమానాల్లో 39 బ్రూస్టర్ నడుపుతూనే కూల్చాడు. 1941లో సోవియట్ యూనియన్‌తో యుద్ధంలో ఎదురుపడ్డ విమానాల్లో చాలావరకు పాతవే, అదీ కలిసొచ్చింది. ఫిన్నిష్ పైలట్లు బ్రూస్టర్‌ను ముద్దుగా ‘ఆకాశపు ముత్యం’ అనేవారు. ఆ 44 బ్రూస్టర్లలో ఒకటి, బీడబ్ల్యూ-372 నంబరుది, 1998లో రష్యాలోని ఓ సరస్సులోంచి బయటపడింది.