అన్నా, హాస్టల్ వద్దు, డే స్కాలర్‌గా వేయండి

కావలి నుంచి అడిగిన అన్నా, మీవాడు పదో తరగతి, క్రికెట్‌లో ఆఫ్ స్పిన్ బాగా వేస్తాడు, ఎంపీసీకి నెల్లూరు హాస్టల్ కాలేజీలో వేయాలా, ఆట చూడాలా అనేగా మీ టెన్షన్. చదువు మానొద్దు, హాస్టల్ మాత్రం వద్దు. మా పెద్దాడిని అలాగే వేశాం. దసరాకి వెళ్లి చూస్తే మంచం కింద కిట్ బ్యాగు, గ్లౌజులకు తెల్లగా బూజు. పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు, ఇంకెక్కడి బౌలింగ్!

కావలిలోనే డే స్కాలర్‌గా చేర్చండి. పొద్దున గంటన్నర నెట్స్, ఆదివారం మ్యాచ్, ఈ రెండేళ్లకు అది చాలు. ఫీజు కట్టకముందే ప్రిన్సిపాల్‌ని అడగండి: సెలక్షన్లకు పంపుతారా, హాజరు సర్దుతారా? అండర్-19 స్కూల్ గేమ్స్ ఇంటర్ పిల్లలకూ ఉంటాయి, కాలేజీ సంతకం కావాలి. అండర్-16లో పేరు రాలేదని దిగులొద్దు, అండర్-19కి ఇంకా టైముంది. కుంబ్లే మెకానికల్ ఇంజినీరింగ్, అశ్విన్ ఐటీలో బీటెక్. ఇద్దరూ స్పిన్నర్లే, మీవాడికి చెప్పండి.

అన్నట్టు, సెలక్షన్లలో వయసు చూస్తారు కదా, ఆధార్‌లో, బర్త్ సర్టిఫికెట్‌లో పుట్టినతేదీ ఒకటేనా, ఇవాళే చూడండి. మావాడికి అక్కడే వారం పోయింది.