సైకాలజిస్టు పేరెత్తితే ‘నాకేం పిచ్చా?’ అంటున్నారు

ప్రశ్న: మావారికి ఐదారు నెలలుగా సరిగా నిద్ర పట్టడం లేదు. ఆఫీసు టెన్షన్ అంటారు. చిన్నదానికీ పిల్లల మీద విసుక్కుంటున్నారు. మా డాక్టరు సైకాలజిస్టును కలవమన్నారు. ‘నాకేం పిచ్చా?’ అని ఈయన ఒకటే గొడవ. ఆ మందులు మొదలెడితే జీవితాంతం వదలవని మా అత్తగారి భయం. ఎవరో మైండ్ కోచ్ ఉన్నాడని తెలిసినవాళ్లు చెబుతున్నారు. అసలు సైకాలజిస్టు ఏం చేస్తారు? ఎవరి దగ్గరికి వెళ్లమంటారు?

జవాబు: ముందు మీ అత్తగారి భయం తీరుద్దాం. మందులు రాసేది సైకియాట్రిస్టు. ఆయన వైద్యం చదివి, మానసిక వ్యాధుల్లో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టరు. సైకాలజిస్టు చదివేది మనస్తత్వశాస్త్రం. అమెరికాలో న్యూ మెక్సికో లాంటి కొన్ని రాష్ట్రాల్లో మినహాయింపులున్నా, మామూలుగా సైకాలజిస్టులు మందులు రాయరు. ఒకవేళ రేపు మందులు అవసరమైనా అంత హడలిపోనక్కర్లేదు. కొన్ని నిద్రమాత్రలు అలవాటైపోతాయన్నది నిజమే గానీ, మందులన్నీ ఆ రకం కావు.

సైకాలజిస్టులందరి పనీ ఒకటి కాదు. పిల్లల చదువు ఇబ్బందులు చూసేవాళ్లు, క్రీడాకారులతో పనిచేసేవాళ్లు, జీవితమంతా పరిశోధనలోనే గడిపేవాళ్లూ ఉన్నారు. మీవారికి కావలసింది క్లినికల్ సైకాలజిస్టు. అంటే, బాధతో వచ్చిన మనుషులకు చికిత్స చేయడంలో సీనియర్ల పర్యవేక్షణలో శిక్షణ పొందినవారు. ఈ పేరు వాడుకోవడానికి చాలా దేశాల్లో రిజిస్ట్రేషన్ ఉండాలి. బ్రిటన్‌లో ఉత్త ‘సైకాలజిస్టు’ అని ఎవరైనా పెట్టుకోవచ్చు గానీ ‘క్లినికల్ సైకాలజిస్టు’ అని పెట్టుకోకూడదు. ఆస్ట్రేలియాలో ఆ ఉత్త పేరుకు కూడా రిజిస్ట్రేషన్ కావాలి. ‘మైండ్ కోచ్’ అన్న పేరుకు అలాంటి కాపలా ఏదీ లేదు. ఆ కోచ్ మంచివాడే కావచ్చు, నెలల తరబడి నిద్రలేని మనిషిని మాత్రం ఆ పేరు చూసి అప్పగించొద్దు. ఎవరి దగ్గరికి వెళ్లినా ఏం చదివారు, శిక్షణ ఎక్కడ, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. పద్ధతైనవాళ్లు నొచ్చుకోకుండా చెబుతారు.

ఇక మీవారి మాట. మొదటి రోజు సైకాలజిస్టు అడిగేవి ఆయన ఊహించుకుంటున్నట్టు ఉండవు. ఎన్నింటికి పడుకుంటారు, ఎంతసేపు దొర్లుతారు, మధ్యలో మెలకువ వస్తే మొదట ఏ ఆలోచన వస్తుంది, అప్పుడు ఫోన్ చూస్తారా, పగలు కునుకు తీస్తారా... ఒకటి రెండు వారాలు ఇవన్నీ రాసి తెమ్మంటారు. దాన్నిబట్టి పడక మీద గడిపే సమయాన్ని తగ్గిస్తారు. నిద్ర రాకపోతే మంచం దిగి వేరే చోట కూర్చోమంటారు, కళ్లు మూతలు పడుతున్నప్పుడే తిరిగి వెళ్లమంటారు. ‘ఈ రాత్రి నిద్ర పట్టకపోతే రేపు నా పని అయిపోయినట్టే’ అన్న భయాన్ని ఎదుట పెట్టి, అందులో ఎంత నిజముందో ఆయన చేతే తరచి చూపిస్తారు. మొదట్లో నిద్ర ఇంకా తగ్గినట్టుంటుంది. అక్కడే చాలామంది మానేస్తారు, మీరు మానివ్వకండి. పెద్దల్లో దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రలకన్నా ముందు ఈ చికిత్సే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో సిఫారసు చేసింది. ఇందులో పిచ్చి ప్రసక్తి ఎక్కడుందో మీరే చెప్పండి.

మీ డాక్టరు థైరాయిడ్ చూశారో లేదో రాయలేదు. ఆయన గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడి లేస్తుంటే, అది కూడా డాక్టరుకు చెప్పండి.

పోట్లాడుకుంటున్నప్పుడు ‘అందుకే సైకాలజిస్టు దగ్గరికి పొమ్మన్నది’ అని ఎప్పుడూ అనకండి. ఆ ఒక్క మాటతో చికిత్స కాస్తా శిక్ష అయిపోతుంది. ఆయన మనసు కుదుటగా ఉన్నప్పుడు, ‘మీ నిద్ర కోసం ఒకసారి వెళ్దాం, నచ్చకపోతే మళ్లీ అడగను’ అనండి. వెళ్లొచ్చాక గుమ్మంలోనే ‘ఏమడిగారు?’ అనొద్దు. అక్కడ చెప్పుకున్నది ఆయన అనుమతి లేకుండా సైకాలజిస్టు మీకు కూడా చెప్పరు. ప్రాణాపాయం లాంటి పరిస్థితి ఉంటేనే ఆ నియమానికి మినహాయింపు.

ఎంత చెప్పినా ఆయన కదలకపోతే మీరొక్కరే వెళ్లండి. ఆయన్ను చూడకుండా ఆయనకేమైందో ఎవరూ చెప్పలేరు. కానీ ఇన్ని నెలలుగా ఇంటిని మోస్తున్నది మీరు, పిల్లలకు సర్దిచెబుతున్నదీ మీరే. మీకూ ఆ గంట అవసరం.

బతకాలని లేదన్న మాట ఆయన నోట వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. ఒంటరిగా వదలకుండా అదే రోజు సైకియాట్రిస్టు దగ్గరికో, ఆసుపత్రి ఎమర్జెన్సీకో తీసుకెళ్లండి.