ఎదిగే పిల్లలకు మడమ నొప్పి వస్తే

ఆమదాలవలసలో పరుగు సాధన చేస్తున్న మీ 13 ఏళ్ల అబ్బాయికి మడమ నొప్పి వచ్చిందనీ, అది ప్లాంటార్ ఫేషియైటిస్ (మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఉండే గట్టి పట్టీ దెబ్బతిని వచ్చే నొప్పి) కాబట్టి మడమలో ఇంజెక్షన్ వేయించమని బంధువులు చెబుతున్నారనీ రాశారు. మా అమ్మాయి పదో తరగతిలో ఇదే నొప్పితో బాధపడింది. అప్పుడు విజయనగరంలో ఎముకల డాక్టరు గారు, ఫిజియోథెరపిస్టు చెప్పినవీ, మాకు పనికివచ్చినవీ రాస్తున్నాను.

ఇంజెక్షన్ ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వల్ల అరికాలి పట్టీ తెగే ప్రమాదం, మడమ కింది కొవ్వు పలచబడే ప్రమాదం ఉన్నాయి కనుక ఎదిగే పిల్లలకు దాని జోలికి సాధారణంగా వెళ్లరు. ముందుగా నొప్పి కచ్చితంగా ఎక్కడ ఉందో చూడండి. మడమ అడుగున లోపలి వైపు నొప్పి ఉండి, పొద్దున్నే మంచం దిగి వేసే మొదటి అడుగులకు విపరీతంగా బాధించి, కాస్త నడిచాక సర్దుకుంటుంటే ప్లాంటార్ ఫేషియైటిస్ కావచ్చు. మీ అబ్బాయి వయసులో అంతకంటే ఎక్కువగా కనిపించేది సెవర్స్ డిసీజ్: మడమ ఎముక వెనుక భాగంలో ఇంకా గట్టిపడని చోటును పిక్క కండరం పదేపదే లాగడం వల్ల అది వస్తుంది, మడమను రెండు పక్కల నుంచి వేళ్లతో నొక్కితే పిల్లవాడు కాలు వెనక్కి తీసుకుంటాడు, ఆట ఆడాక నొప్పి పెరుగుతుంది. ఎముక ఎదుగుదల పూర్తయితే అది దానంతట అదే పోతుంది.

మా అమ్మాయికి ఉన్నది మొదటిది. మంచం దిగకముందే నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకుని, కాలివేళ్లను చేత్తో పాదం పైవైపుకు వెనక్కి లాగి, పది లెక్కపెట్టేంతసేపు పట్టి ఉంచేది. అప్పుడు రెండో చేతి బొటనవేలితో తడిమితే అరికాలి పట్టీ వింటినారిలా బిగిసి తెలిసేది. ఇలా పదేసి సార్లు, రోజుకు మూడు పూటలు. గోడకు చేతులు ఆనించి, వెనుక కాలి మడమ నేలను వదలకుండా పిక్కను 30 సెకన్లు సాగదీయడం రెండు బాధలకూ పనికివస్తుంది, కాకపోతే సెవర్స్‌లో నొప్పి పుట్టేంత గట్టిగా లాగకూడదు. సాయంత్రం గడ్డకట్టించిన నీళ్ల సీసాకు పలుచని గుడ్డ చుట్టి అరికాలి కింద పది నిమిషాలు దొర్లించేది. వేడి ఇటుక మీద జిల్లేడాకు వేసి కాపడం పెడదామని మా అత్తగారు పట్టుబట్టారు గానీ, చర్మం కాలుతుందనే భయంతో నేను ఒప్పుకోలేదు.

ఆటను పూర్తిగా మాన్పించనక్కరలేదు. ఆర్మీ, పోలీసు సెలెక్షన్ల కోసం తెల్లవారకముందే తారు రోడ్డు మీద పరుగెత్తే కుర్రాళ్లతో సమానంగా ఎదిగే పిల్లలు కూడా పరుగెడుతున్నారు, అది మాత్రం ఆపించండి. సైకిలు, ఈత ఫరవాలేదు. మరుసటి ఉదయానికి నొప్పి పెరగనంత మేరకే మట్టి గ్రౌండులో పరుగు ఉండాలి. అరిగిన కాన్వాస్ బూట్లు మార్చి, లోపల సిలికాన్ హీల్ కప్ (మడమ కింద ఇమిడే మెత్తని దిండు లాంటిది) వేయించండి. ఇంట్లో గచ్చు మీద ఒట్టి కాళ్లతో తిరగకుండా విడిగా ఒక జత మెత్తని చెప్పులు కొనండి. నొప్పి మాత్ర మింగి పరుగుకు వెళ్లనివ్వకండి. తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

రాత్రి నిద్రలోనూ నొప్పి ఉన్నా, జ్వరం, వాపు, తిమ్మిరి కనిపించినా, ఎత్తు నుంచి దూకాక కాలు మోపలేకపోయినా, కీళ్లు కూడా పొద్దున్నే చాలాసేపు బిగుసుకుపోతున్నా ఈ వ్యాయామాలతో కాలయాపన చేయకుండా వెంటనే ఎముకల డాక్టరుకు చూపించండి.