ముందు చెట్టు పేరు రాసుకో

అమ్మలూ,

హిమాలయాల్లోని ముక్తేశ్వర్ వెళ్లి, అక్కడి బాంజ్ ఓక్ చెట్ల మీద బుడిపెలు సేకరిస్తావట, నిన్న మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. నా తరవాత మనింట్లో ఆకులు పట్టుకుని తిరిగేవాళ్లు ఉండరనుకున్నాను. సంతోషంతో, టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టలేదు.

నీకు ఓక్ బుడిపెలు కొత్త కాదు. నెలల పిల్లప్పుడు నీ నోరు పూస్తే, నాయనమ్మ పూర్ణా మార్కెట్ నుంచి మాచికాయ తెప్పించి, సాన మీద అరగదీసి నాలుకకు రాసింది. అది కాయ కాదు. ఓక్ కొమ్మలో ఓ బుల్లి కందిరీగ గుడ్డు పెడితే, పిల్ల చుట్టూ చెట్టు పెంచిన గూడు. బెజ్జం ఉందంటే పురుగు బయటపడిందన్నమాట.

ఏ రకం ఓక్, బుడిపె ఆకు మీదా మొగ్గ మీదా, లోపల గదులెన్ని, ఇవన్నీ చెట్టు దగ్గరే రాసుకో. కాగితం సంచుల్లో వెయ్యి, ప్లాస్టిక్ కవర్లో బూజు పడతాయి.

నేను చేసిన తప్పు మాత్రం చెయ్యకు. మన వైజాగ్ రోడ్ల పక్కన ఏడాకుల పాల చెట్ల ఆకుల నిండా బుడిపెలుంటాయి చూశావా? లెక్చరర్‌గా చేరిన కొత్తలో ఆ ఆకులు సీసాలో వేసి, మూతికి గుడ్డ కట్టాను. ఎనిమిదో రోజు గుడ్డకి అతుక్కుని, ఆకుపచ్చగా మెరుస్తూ నలుసంత కందిరీగలు! బుడిపె కట్టింది ఇవేనని రాసేసి, రెండేళ్లు పిల్లలకి అదే పాఠం చెప్పాను. ఆ తరవాత ఓ వానాకాలం తాజా బుడిపెను బ్లేడుతో కోస్తే, లోపల కాళ్లున్న పిల్లపురుగు కనిపించింది. కందిరీగ పిల్లకు కాళ్లుండవు. అది రసం పీల్చే సిల్లిడ్ పిల్ల, బుడిపెకు అసలు కారణం అదే. నేను చూసిన కందిరీగలు దాన్ని తిని పెరిగినవి. పరీక్ష పేపర్లలో ఆ తప్పు జవాబుకు మార్కులు వేసింది నేనే. ఆ పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

ఓక్ మీద ఈ చిక్కు ఇంకా ఎక్కువ. బుడిపె కట్టిన పురుగుతో పాటు దాన్ని తినేవీ, సినెర్గస్ అనే కందిరీగలా ఆ గూట్లోనే గుడ్లు పెట్టేవీ ఉంటాయి. పైగా ఒకే జాతి ఒక తరంలో ఒక రూపం బుడిపె, మరు తరంలో ఇంకో రూపం కట్టగలదు. అందుకే కొన్ని కోసి చూడు, కొన్ని అలాగే ఉంచు. బయటికొచ్చినవి విడివిడిగా ఆల్కహాల్‌లో వేసి తేదీ రాయి. పేరు పెట్టడానికి తొందరపడకు.

గాలి లేస్తే మాత్రం చెట్టు కింద ఒక్క క్షణం నిలబడకు. 2014లో హుద్‌హుద్ తుఫాను రోజు మన వేపచెట్టు కూలిన చప్పుడు నా చెవుల్లో ఇంకా ఉంది. బుడిపెలు ఎక్కడికీ పోవు తల్లీ.

ఆదివారం రా. కొత్త బ్లేడ్లు, నా పాత పదింతల లెన్సు తీసి పెట్టాను.

మీ పెద్దనాన్న